పద సమస్యలంటే భయమెందుకు?

సాయంత్రం స్టడీ అవర్‌లో పదో తరగతి తమ్ముళ్లకు లెక్కలు చెప్పేటప్పుడు మేము గమనించిన సంగతి ఒకటుంది. సమీకరణం రాసిస్తే టకటకా సాధిస్తారు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో ఇస్తే వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోతారు. అక్కడ కష్టం గణితంలో లేదు, చదవడంలో ఉంది.

మన శ్రీకాళహస్తి గుడి వీధినే తీసుకుందాం. ఒక అంగట్లో టెంకాయ 20 రూపాయలు, పూజ తట్ట 50 రూపాయలు అనుకోండి. రెండూ కలిపి 30 అమ్మితే 960 రూపాయలు వచ్చాయి. ఏవి ఎన్ని? ఇందులో 30 వస్తువుల సంఖ్య, 960 డబ్బు. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలపకూడదు. సగం మార్కులు పోయేది ఇక్కడే. టెంకాయలు ఎక్స్, తట్టలు వై అనుకుంటే

ఎక్స్ + వై = 30 (ఇది సంఖ్య వాక్యం)
20 ఎక్స్ + 50 వై = 960 (ఇది డబ్బు వాక్యం)

మొదటిదాన్ని 20తో గుణించి రెండోదానిలోంచి తీసేస్తే 30 వై = 360. తట్టలు 12, టెంకాయలు 18.

బడి ముఖం చూడని మన అమ్మానాన్నలు ఇదే లెక్కను సంతలో నోటితో చేస్తారు. అన్నీ టెంకాయలే అయితే 600 రావాలి. 360 ఎక్కువ వచ్చింది. టెంకాయ బదులు తట్ట పోయినప్పుడల్లా 30 ఎక్కువ. కాబట్టి తట్టలు 12. వాళ్లు ఎక్స్ అనరు, అంతే తేడా!

ఇవి ఇంగ్లీషు చదువుతో వచ్చిన లెక్కలు కూడా కావు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరాచార్యుని లెక్క ఒకటి ఇది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. ఒక్కొక్కటి ఎంత? రెండూ కూడితే 16 జతలకు 208, అంటే జత 13. తీసివేస్తే రెండు తేడాలకు 6, అంటే తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. ఎంత సులువుగా తేలిందో చూడండి.

ఈ లెక్క పరీక్ష హాల్లోనే ఆగిపోదు. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్లు బిల్లు మీద సంతకం పెట్టేముందు దీన్ని వాడవచ్చు. గుడ్డు 6 రూపాయలు, అరటిపండు 4 రూపాయలు, మొత్తం 515 అని రాసి ఉందనుకోండి. గుడ్లు ఎన్నైనా, పండ్లు ఎన్నైనా, సరి సంఖ్యలు కూడితే బేసి సంఖ్య రాదు. ఆ కాగితాన్ని మళ్లీ కూడి తెమ్మని అప్పుడే వెనక్కి ఇచ్చేయండి.