ఒకే నంబరు... ఇద్దరికి!

నెలలో 20వ తేదీ. జీఎస్‌టీ రిటర్ను దాఖలుకు గడువు ముగిసే రోజు. ఆఫీసులో అందరికీ నెట్ బాగానే ఉంటుంది. అకౌంట్స్ కంప్యూటర్‌లో మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. అందరూ నెట్ కంపెనీని తిట్టుకుంటారు. అసలు దొంగ పక్క గదిలోనే ఉండొచ్చు!

వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబరుంటే పోస్ట్‌మ్యాన్ తికమకపడతాడు కదా! ఇదీ అంతే. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ 192.168.1.25 లాంటి ఐపీ అడ్రస్ ఉంటుంది. మామూలుగా దాన్ని రూటరే కొంతకాలానికి కేటాయిస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఈలోగా ఎవరైనా ప్రింటర్‌కో, సీసీ కెమెరా రికార్డర్‌కో అదే నంబరు చేత్తో ఇచ్చేస్తే... ఒకరికి రావాల్సిన పేజీ మరొకరి తలుపు తడుతుంది.

మరేం చేయాలి? విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే ఆ కంప్యూటర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని రాసుకుని, కంప్యూటర్ కేబులు తీసేసి, వైఫై ఆపేయాలి. పక్క కంప్యూటర్ నుంచి అదే నంబరుకు ‘పింగ్’ ఇవ్వాలి. జవాబొచ్చిందా? ఆ నంబరు మరొకరి దగ్గరా ఉన్నట్లే! ప్రింటర్, రికార్డర్... ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఇకపై వాటి నంబర్లను రూటర్‌లోనే రిజర్వ్ చేసి, కాగితంపై రాసి గోడకు అంటించండి. ఆ కాగితమే ఆఫీసుకు శ్రీరామరక్ష!