చెల్లుకు చెల్లు: దివాలా నోటీసుకు ఎదురు బాకీ జవాబగునా?

"ఫలానావాడు ఐ. పి. పెట్టినాడు" అను మాట మన పల్లెలలో సైతము వినబడుచుండును. అప్పులు తీర్చలేనివాడు తానే కోర్టుకు పోయి దివాలా అర్జీ దాఖలు చేసికొన్నాడని దాని అర్థము. అప్పిచ్చినవాడు కూడ బాకీదారుని దివాలాలోనికి ఈడ్వవచ్చుననియు, అందుకు ఒక నోటీసు తొలిమెట్టు కావచ్చుననియు ఎరిగినవారు తక్కువ. అట్టి నోటీసు ఇంటికి వచ్చినపుడు బాకీదారు నోట మొదట వెలువడు మాట ఒకటే: "అతడు మాత్రము నాకు ఇవ్వవలసినది లేదా? చెల్లుకు చెల్లు!" ఆ మాట ఎంతవరకు నిలుచునో ఇచ్చట విచారింతము.

మన జిల్లా కోర్టులలో సామాన్య గృహస్థులకు, వర్తకులకు వర్తించునది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. దాని 6వ సెక్షనులో ఈ నోటీసు పద్ధతిని 1978లో చేర్చిరి. ప్రామిసరీ నోటు చేతనున్నంత మాత్రమున ఋణదాత ఈ నోటీసు ఇయ్యలేడు. సొమ్ము చెల్లింపవలెనని డిక్రీ గాని ఉత్తరువు గాని పొందియుండవలెను. అది అంతిమమై, దాని అమలుపై స్టే లేకుండవలెను. మధ్యవర్తుల అవార్డు ఇందుకు చాలదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పినది. నోటీసులో ఇచ్చు గడువు, అది అందిన తరువాత ఒక నెలకు తక్కువ కారాదు. ఆ లోపల బాకీదారు సొమ్మైనను చెల్లింపవలెను, ఋణదాతకు తృప్తికరమైన హామీయైనను ఇయ్యవలెను. రెండును చేయనిచో అదియే "దివాలా చర్య" యగును. అటుపై మూడు నెలలలోపల ఋణదాత అర్జీ పెట్టవచ్చును. కోర్టు దివాలా ప్రకటించినచో, జప్తుకు లోబడు ఆస్తి యంతయు కోర్టుకో రిసీవరుకో సంక్రమించును.

ఇపుడు ఎదురు బాకీ సంగతి. నోటీసును రద్దు చేయుమని జిల్లా కోర్టును కోరుటకు చట్టము అంగీకరించిన కారణములలో ఇది మొదటిది. అయితే రెండు షరతులు కలవు. ఎదురు బాకీ డిక్రీ మొత్తమునకు సమానమై గాని మించి గాని ఉండవలెను. మూడు లక్షల డిక్రీకి రెండు లక్షల ఎదురు బాకీ చూపి లాభము లేదు. రెండవ షరతు మరింత కఠినము: ఆ ఎదురు బాకీ, డిక్రీ పుట్టిన దావాలో చట్టరీత్యా లేవదీయుటకు వీలులేనిదై యుండవలెను.

అనేకులు పొరబడునది ఇచ్చటనే. ఒక పత్తి వర్తకుడు మరియొకనిపై మూడు లక్షలకు డిక్రీ పొందినాడనుకొందము. ఓడినవానికి అతనినుండి నాలుగు లక్షలు రావలసియున్నది. అది దావాకు రెండేండ్ల ముందటి సరకు తాలూకు సొమ్ము. "అప్పుడు ఊరుకొంటిని, వేరే దావా వేయుదమనుకొంటిని" అని అతడనును. ఆ బాకీ నిజమే కావచ్చును, కాని ఈ నోటీసుకు అది జవాబు కాదు. సివిల్ ప్రొసీజరు కోడులో 1976 సవరణ తరువాత, తన జవాబు దాఖలు చేయులోపల పుట్టిన హక్కును ప్రతివాది అదే దావాలో ఎదురు దావాగా వేసికొనవచ్చును. వీలుండియు వేయకపోవుట వేరు, వీలే లేకపోవుట వేరు. అదే నాలుగు లక్షల బాకీ, జవాబు దాఖలైన తరువాత కొన్న సరకు మూలముగా పుట్టినదైనచో సంగతి మారును. ఎదురు దావా మొత్తము ఆ కోర్టు విచారణ పరిమితిని మించినపుడు కూడ "వీలులేకపోయినది" అను వాదమునకు తావు కలదు. భార్యకో, అన్నకో రావలసిన సొమ్ము మాత్రము బాకీదారుని ఎదురు బాకీ కానేరదు.

ఋజువు ఎంత కావలెను? ఇట్టి నోటీసు ఇంగ్లండులో 1883 నాటి చట్టముతో వచ్చి, ఆస్ట్రేలియాకును ప్రాకినది. ఎబర్టు అనువారి కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు 1960లో చెప్పినదేమనగా, బాకీదారు తన ఎదురు హక్కును అప్పటికప్పుడు పూర్తిగా నిరూపింపనక్కరలేదు. ప్రథమదృష్టికి నిలువగల కేసు కలదని చూపిన చాలును. మన కోర్టులను ఆ తీర్పు కట్టివేయదు గాని, అది సమంజసమైన కొలతయే అని మాకు తోచును. ఏమైనను ఖాతా పుస్తకములు, రసీదులు, ఉత్తరములు లేని నోటిమాటను ఏ న్యాయాధిపతియు లెక్కచేయడు.

గడువు విషయమున మాత్రము ఉపేక్ష పనికిరాదు. రద్దు అర్జీ నోటీసులోని గడువు లోపలనే దాఖలు కావలెను. వకీలును కలియుటకు సంక్రాంతి పోనిమ్మని కూర్చున్నవాడు, తన పక్షమున న్యాయమున్నను దారి మూసికొనినవాడగును. నోటీసులో సొమ్ము ఎక్కువగా వేసినారని తోచినచో, ఆ సంగతిని కూడ గడువు లోపలనే ఋణదాతకు తెలియజేయవలెను. లేనిచో ఆ ఒక్క కారణమున నోటీసు చెల్లకపోదు.

రద్దు అర్జీని కోర్టు అంగీకరించినచో దివాలా చర్య జరుగనట్లే. త్రోసివేసినచో, త్రోసివేసిన దినము, గడువు ముగిసిన దినము ఈ రెండింటిలో ఏది తరువాతిదైన ఆనాడు జరిగినట్లు లెక్క. అంతటితో దివాలా ప్రకటన అయిపోయినదని భయపడ నక్కరలేదు. ఋణదాత వేరుగా అర్జీ వేయవలెను. ఆ విచారణలో తాను అప్పులు తీర్చగలవాడనని బాకీదారు కోర్టుకు చూపగలిగినచో, ఆ అర్జీని కొట్టివేయుదురు.