గాలితుపాకి చరిత్ర

చైత్ర శుద్ధ ఏకాదశినాడు వాడపల్లి వేంకటేశ్వరుని తీర్థమునకును, మాఘమాసమున అంతర్వేది రథోత్సవమునకును, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలకును రావులపాలెముమీదుగా బస్సులు మారి పోవు జనము, దైవదర్శనము ముగించుకొని తీర్థపు వీథిలో నడుగిడినపుడు, జీళ్ల కొట్లకును గాజుల కొట్లకును నడుమ, చెక్కపలకకు రంగురంగుల బుడగలను వరుసలుగా గట్టి, ఎదుటి బల్లమీద రెండు మూడు పాత తుపాకులు పెట్టుకొని కేకవేయుచుండు అంగడివానిని చూడక పోరు. తుపాకి యనగానే మందును, నిప్పును, పొగయు తలంపునకు వచ్చుట సహజము. ఈ తుపాకిలో ఆ మూడింటిలో నొక్కటియు లేదు. మన చుట్టునున్న వాయువే దీనికి మందు. అయినను ఈ బుడగల తుపాకియు, ఒలింపిక్ క్రీడలలో పతకములు తెచ్చు లక్షల రూపాయల రైఫిలును ఒకే వంశమునకు జెందిన యంత్రములని చాలమంది యెరుగరు.

అంగడివాడు తుపాకి గొట్టమును నడుమకు వంచునపుడు లోపలనున్న బలమైన ఉక్కు స్ప్రింగు అణగి, దానితో గూడ ముషలకము, అనగా పిస్టను, వెనుకకు జరిగి కొక్కెమునకు చిక్కుకొనును. గొట్టము మొదట 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును నిలిపి, గొట్టమును యథాస్థానమునకు జేర్చి, మీట నొక్కినంతనే స్ప్రింగు విడివడి, పిస్టను ముందునకు దూకి, తన ముందరి గాలిని రెప్పపాటులో మూలకు నొక్కివేయును. సైకిలు పంపును గబగబ కొట్టినపుడు దాని అడుగు వేడెక్కుట మన మెరిగినదే. ఇచ్చటను జరుగునది యదియే. కాని వేడిమి బయటికి బోవుటకు వ్యవధి లేనందున గాలి వందల డిగ్రీలకు కాగి, దాని ఒత్తిడి మరింత పెరిగి, గుండును నెట్టివేయును. లోపల నూనె యధికమైనచో ఆ వేడికి అదియు భగ్గున మండుట కలదు. డీజిలు ఇంజను నడచునది ఈ సూత్రము మీదనే.

గుండు ఇంకను గొట్టములో నుండగనే పిస్టను కదలిక తుపాకిని ముందొకవైపునకు, వెంటనే రెండవవైపునకు ఊపివేయును. తుపాకిని బిగబట్టినవాని చేతిలో ఆ ఊపు ఒక తీరుగను, వదులుగ బట్టినవాని చేతిలో మరియొక తీరుగను ఉండును. కావుననే కోపముతో బిగించి పట్టిన కొలది బుడగ తప్పిపోవుచుండును. అరచేతిలో తేలికగ నిలుపుకొని, ప్రతిసారియు ఒకే విధముగ పట్టువాడు నేర్పరి యగును. ఈ యంత్రముయొక్క తరువాతి చరిత్రయంతయు ఈ యొక్క ఊపును పోగొట్టుటకై జరిగిన ప్రయత్నమే యనవచ్చును.

దీని పూర్వరూపము మనకు దూరమైనది కాదు. కాకతీయ వంశజులమని చెప్పుకొనిన బస్తరు రాజుల రాజధానియగు జగదల్‌పూరులో, గోంచా పండుగనాడు జగన్నాథ రథమునకు వందనముగా జనులు వెదురుగొట్టములతో కాయలు పేల్చుదురు. గొట్టము కొనయం దొక కాయను బిగించి, వెనుకనుండి మరియొక కాయను పుల్లతో నెట్టినచో, రెంటి నడుమ చిక్కిన గాలి కుంచించుకొని ముందరి కాయను చప్పుడుతో ఎగురగొట్టును. అచ్చటివారు దీనిని తుప్కి యందురు. స్ప్రింగు చేయు పనిని ఇచ్చట మనుష్యుని చేయి చేయుచున్నది.

ఐరోపాలో ఈ గాలి యుద్ధమున కుపయోగపడునా యను నాస పదునేడవ శతాబ్దిలో బలపడెను. 1650 ప్రాంతమున వాయుపంపును నిర్మించిన జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో ఫాన్ గ్వెరిక్ గాలితుపాకిని గూడ రూపొందించెను. 1662లో రాబర్టు బాయిలు, ఉష్ణోగ్రత మారనిచో గాలి ఘనపరిమాణము సగమైన దాని ఒత్తిడి రెట్టింపగునని ప్రకటించెను. ఈ విద్య యుద్ధరంగమున కెక్కినది మాత్రము పదునెనిమిదవ శతాబ్ది చివర. టైరోలు వాసియగు జిరాండోని చేసిన రైఫిలును 1780 ప్రాంతమున ఆస్ట్రియా సేన స్వీకరించినది. దాని మడమయే గాలిబుడ్డి. దానిని పూర్తిగా నింపుటకు పంపును సుమారు 1500 మారులు కొట్టవలసియుండెడిది. కాని ఒకమారు నింపినచో ఇరువదికి పైగా గుండ్లను, పొగ లేకుండ, వానలోనైనను, వెంటవెంట పేల్చవచ్చును. ఆ కాలపు మందు తుపాకి ఒక్కొక్క పేలుపునకు మందు కూరుకొనుచుండగా ఇది విడ్డూరమే. 1803లో అమెరికా పడమటి దిక్కును అన్వేషింప బయలుదేరిన లూయిస్, క్లార్కులు ఒక గాలితుపాకిని వెంట గొనిపోయి, ఆదివాసుల యెదుట పేల్చి ఆశ్చర్యము గలిగించిరి.

ఇంతటి యంత్రము సైన్యమున నిలువలేదు. గాలిబుడ్డులను నిర్దుష్టముగ చేయగల కమ్మరులు కొద్దిమంది. తోలు బిరడాలు ఎండిన గాలి కారిపోవును. రణమధ్యమున పంపు కొట్టుచు గూర్చుండుట సిపాయికి సాధ్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో మందును గుండును ఒకే తొడుగులో నిమిడ్చిన తూటా వచ్చుటతో గాలి యుద్ధవిద్యనుండి వెడలిపోయెను.

ఆయుధ మాటవస్తువగుటతో దానికి రెండవ జన్మము కలిగెను. అమెరికాలోని మిషిగను రాష్ట్రమున గాలిమరలు చేయు నొక సంస్థ 1880ల చివర, మరను కొనిన రైతునకు ఒక చిన్న గాలితుపాకిని కానుకగా నిచ్చెడిది. కొంతకాలమునకు మరలు మూలబడి, ఆ తుపాకి పేరనే డైసీ యను కంపెనీ వెలసెను. ఇంగ్లండులో లింకన్ జెఫ్రీస్ రూపకల్పన చేసిన రైఫిలును 1905 ప్రాంతమున బర్మింగుహాములోని బీఎస్ఏ కర్మాగారము తయారు చేయగా, పానశాలలలో గోడకు ఇనుపరేకు దగిలించి, దాని చిన్న రంధ్రము వెనుకనున్న గంటను మ్రోగించు పోటీలు ఊరూర వ్యాపించెను.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము జర్మనీలో ఆయుధములపై నిషేధముండుటచే అచ్చటి గురికాండ్రకు మొదట అనుమతింపబడిన గాలితుపాకియే శరణ్యమైనది. ఆ అవసరమునుండియే సూక్ష్మ యంత్రవిద్య పుట్టెను. 1961లో ఫైన్‌వెర్క్‌బావు సంస్థ, మీట నొక్కినపుడు యంత్రభాగమంతయు చిన్న పట్టాలమీద వెనుకకు జారి, పిస్టను ఊపు భుజమునకు తెలియకుండ చేయు రైఫిలును వెలువరించినది. 1974లో వాల్టర్ సంస్థ స్ప్రింగునే తొలగించి, ఒక్క తోపుతో గాలిని ముందే నింపి నిలువయుంచు పద్ధతి తెచ్చెను. నేటి రైఫిళ్లలో 200 బార్ల ఒత్తిడిగల గాలిబుడ్డి గొట్టము క్రింద నుండును. జిరాండోని బుడ్డియే మరల వచ్చినది, కాని శత్రువుకొరకు గాదు. దీనినుండి వెడలు గుండు బరువు అరగ్రాము. వేగము సెకనునకు సుమారు 170 మీటర్లు. శక్తి ఏడెనిమిది జౌళ్లకు మించదు. ఇతర తుపాకులు బలము పెంచుకొనుచు వృద్ధి పొందగా, ఇది బలమును వదలుకొని నిలకడను సంపాదించుకొన్నది.

1984 లాస్ ఏంజిలిస్ క్రీడలలో 10 మీటర్ల గాలిరైఫిలు పోటీ ఒలింపిక్సున ప్రవేశించెను. అందలి గురికాగితపు పదవ వలయము అరమిల్లీమీటరు చుక్క. వలయమునకు వలయమునకు నడుమ దూరము రెండున్నర మిల్లీమీటర్లు. కావున పాయింటులో పదియవ వంతు కాగితముమీద పావు మిల్లీమీటరు. 2008లో బీజింగున అభినవ్ బింద్రా ఆఖరి గుండుకు 10.8 సాధించి, భారతదేశమునకు తొలి వ్యక్తిగత స్వర్ణమును తెచ్చినపుడు, ఆ గుండు కేంద్రమునకు సుమారు అరమిల్లీమీటరు లోపల తగిలినదన్నమాట. హైదరాబాదున పెరిగి, 1997లో తండ్రి కొనియిచ్చిన గాలిపిస్తోలుతో ఇంటి పెరటిలో సాధన ప్రారంభించిన గగన్ నారంగ్, 2012 లండనులో 701.1 తో కాంస్యము గెలిచెను. రజతమునకు తక్కువైనది 0.4. అదే నగరపు ఈషా సింగ్ పదుమూడేండ్ల ప్రాయమున, 2018లో, గాలిపిస్తోలులో జాతీయ విజేతయై, హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గైకొన్నది.

ఇట్టి వినోదమున కాసపడువాడు చట్టమును గూడ ఎరుగవలెను. 1878 నాటి ఆంగ్లేయుల ఆయుధ చట్టము పోయి 1959 చట్టము వచ్చినను, మందు తుపాకికి లైసెన్సు తప్పదు. 2019 సవరణ పిమ్మట సాధారణ లైసెన్సుదారు రెంటికి మించి ఉంచుకొనరాదు. 2016 నియమముల ప్రకారము 0.177 అంగుళములకు మించని రంధ్రముగల గొట్టమును, 20 జౌళ్లకు మించని శక్తియు గల గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. కాని లైసెన్సు అక్కరలేదని తోటలోని కొంగలను పావురములను గొట్టువాడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమును మీరినవాడగును.

ఈ గురి సాధనకు రావులపాలెపు యువకునకు పెద్ద మైదానమక్కరలేదు; పది మీటర్ల పొడవుగల సావడి, గుండును పట్టుకొను ఇనుపపెట్టె, చిన్నపిల్లలు దాటిరాకుండ తలుపునకు గడియ చాలును. సీసము విషము గనుక, సాధన ముగిసిన వెంటనే చేతులు కడుగక అన్నము ముట్టరాదు. ఇన్ని శతాబ్దుల శ్రమచేత యంత్రమునందలి ఊపు పోయిన పిమ్మట మిగిలినది గురికాని శ్వాసయు, గుండెచప్పుడును, మీటపై వ్రేలి తొందరయు మాత్రమే. అందుచేతనే ఆరితేరినవారు తమ సాధనలో పెద్దభాగమును గుండు లేకయే, ఖాళీ తుపాకితో, గురి నిలిపి మీట నొక్కి చూచుకొనుటకు వినియోగింతురు.