3000 వాట్ల పెట్టె, 30 ఆంపియర్ల ఫ్యూజు

గుంటూరులో నివసించు మా పినతండ్రి కుమారుని కారులో గత వేసవియందు ముందుసీటు క్రింది తివాచీ పొగలెత్తగా, అతడు పిల్లలను రోడ్డుమీదికి లాగుకొని పరుగిడవలసివచ్చినది. బ్యాటరీనుండి డిక్కీలోని ఆంప్లిఫయరుకు పోవు వైరు మూరెడు మేర కరగిపోయి యుండెను. అంతకు పదిదినముల పూర్వము, ఆ వైరుకు బ్యాటరీవద్దనున్న 30 ఆంపియర్ల ఫ్యూజు పదేపదే కాలిపోవుచున్నదని అతడు మొరపెట్టుకొనగా, "ఇది 3000 వాట్ల ఆంపు సార్, 30 ఎక్కడ సరిపోతుంది?" అనుచు బిగించినవాడు 80 ఆంపియర్ల ఫ్యూజును పెట్టి పంపెను. వైరును మాత్రము మార్చలేదు.

అనర్థమునకు మూలము ఆ 3000 అను అంకెయే. పెట్టెపై అచ్చువేసిన సంఖ్యను శాసనమువలె విశ్వసించువారు ఒక్క గుణకారమైనను చేసి చూడరేల? ఇంజను నడుచుచున్నప్పుడు కారులో లభించు విద్యుత్తు రమారమి 14 వోల్టులు; 30 ఆంపియర్ల ఫ్యూజుద్వారా నిలుకడగా లోనికి పోగల శక్తి 420 వాట్లు. అదియైనను యావత్తు స్పీకర్లకు చేరదు: ఏ-బి తరగతి ఆంప్లిఫయరు అందు దాదాపు సగమును ఉష్ణముగా వ్యయించును, డి తరగతిది మెరుగైనదై నూటికి 80 పాళ్ల వరకు అందించును. కావున ఆ పెట్టె నిజసామర్థ్యము 200 మొదలు 340 వాట్ల వరకు మాత్రమే. ఫ్యూజు క్షణకాలము తన పరిమితిని మించిన ప్రవాహమును సహించుననుట నిజమే గాని, ఆ సహనము 340కిని 3000కిని నడుమనున్న అగాధమును పూడ్చజాలదు.

మరి ఆ 3000 ఎట్లు పుట్టినది? తరంగము శిఖరమును తాకు లిప్తకాలపు శక్తిని, ధ్వని ఎంత వికృతమైనను లెక్కసేయక, అన్ని చానళ్లకును కలిపి, "మాక్స్" అనియు "పీక్" అనియు "పి.ఎం.పి.ఓ." అనియు వ్రాయుదురు. ఎడతెగక ఇయ్యగల శక్తిని తెలుపునది ఆర్.ఎం.ఎస్. సంఖ్య. ఈ గందరగోళమును తొలగించుటకే అమెరికాలోని ఎలక్ట్రానిక్సు పరిశ్రమవారు 2003లో సి.ఇ.ఎ.-2006 అను ప్రమాణమును ఏర్పరచి, 14.4 వోల్టుల వద్ద, 4 ఓముల భారముపై, వికృతి నూటికి 1 పాలు మించకుండ కొలిచిన శక్తిని ప్రకటింపవలెనని నిర్దేశించిరి. అది ఐచ్ఛికమగుటచేత పాటింపనివారు నేటికిని కలరు. డాష్‌బోర్డులోని స్టీరియోపై కనబడు "50×4" సంగతియు ఇట్టిదే; అట్టి సామాన్యమైన సెట్టు ఒక్కొక్క స్పీకరుకు నిర్మలముగా ఇచ్చునది 20 వాట్లకు అటునిటు.

ఇట్టి భ్రమలు మరికొన్నియు కలవు. వాట్లు రెట్టింపైన ధ్వని రెట్టింపు కాదు. పెరుగునది 3 డెసిబెల్లులే. కెపాసిటరు శక్తిని నిలువచేయునే గాని పుట్టింపదు. గెయిన్ నాబు వాల్యూం నాబు కాదు.

"చిన్న ఆంపు స్పీకర్లను చంపును" అను మాటను మాత్రము నేను పూర్తిగా త్రోసిపుచ్చజాలను. తక్కువ శక్తివలన స్పీకరు చెడదు. కాని చిన్న ఆంప్లిఫయరును దాని తాహతుకు మించి పెంచినప్పుడు తరంగశిఖరములు తెగి, సగటు శక్తియు, ఉచ్చస్థాయి ధ్వనులును అధికమై, ట్వీటరులోని సన్నని తీగచుట్ట కాలిపోవును. కనుక స్పీకరు ఆర్.ఎం.ఎస్. సంఖ్యకంటె కొంచెము మిగులు గల ఆంప్లిఫయరును కొని, పాట బొంగురుపోకముందే చేతిని నిలుపుట యుక్తము.

విజయవాడ ఆటోనగరులో కొన్నను, సికింద్రాబాదు రాణిగంజిలో కొన్నను, 4 ఓములవద్ద ఒక్కొక్క చానలుకు ఆర్.ఎం.ఎస్. ఎంతయని అడిగి, పిదప పెట్టెను త్రిప్పి ఫ్యూజు విలువను స్వయముగా చూడుడు. రెండును పొసగనిచో ఫ్యూజునే నమ్ముడు. రాగిపూత పూసిన అల్యూమినియం వైరు అదే లావుగల శుద్ధమైన రాగి వైరు మోయునంత ప్రవాహమును మోయలేదు. బ్యాటరీకి అడుగున్నర దూరములోపలనే ఒక ఫ్యూజు ఉండవలెను. దాని విలువ వైరు మోయగలిగినదానిని ఎన్నడును మించరాదు, ఏలయన అది కాపాడవలసినది వైరును.

మావాని కారునుండి ఆ వైరును పెరికి చూచితిమి. సీటును ముందువెనుకలకు జరుపు ఇనుపపట్టాక్రింద దాని తొడుగు ఒరసిపోయి తీగ బయటపడియున్నది. సీటు జరిపినప్పుడెల్ల అది కారు లోహమును తాకుచు, ఆ 30 ఆంపియర్ల ఫ్యూజు కాలుచువచ్చినది.