మత్తు సూది దారి తప్పితే..

రోగికి నొప్పి.. నర్సుకు వ్యసనం.. ఆసుపత్రికి అపకీర్తి
గుట్టుగా పంపేస్తే తీరని సమస్య.. లెక్క, చికిత్స రెండూ అవసరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: అర్ధరాత్రి వేళ. రోడ్డు ప్రమాదంలో కాలు విరిగిన వ్యక్తికి శస్త్రచికిత్స ముగిసింది. నొప్పి తగ్గేందుకు ఇంజక్షన్ ఇచ్చినట్లు కేస్ షీట్‌లో రాసి ఉంది. వేళ ఉంది, సంతకమూ ఉంది. రోగి మాత్రం తెల్లవార్లూ మూలుగుతూనే ఉన్నాడు. 'సూది వేశాం కదా, కాస్త ఓర్చుకోవాలి' అన్న సమాధానమే బంధువులకు దక్కింది. సిరంజిలో ఉన్నది మందు కాదు, సెలైన్ నీరు!

ఇది విషయం అర్థమయ్యేందుకు చెప్పిన ఉదాహరణ మాత్రమే. ఏ ఒక్క ఆసుపత్రినీ ఉద్దేశించినది కాదు. అయితే ఇటువంటి ఘటనలు ప్రపంచంలో నిజంగా జరిగాయి, కోర్టుల్లో రుజువయ్యాయి కూడా. నొప్పి నివారణ మత్తు ఇంజక్షన్లు రోగికి చేరక ముందే పక్కదారి పట్టడం, తీసుకున్న సిబ్బందే వాటికి బానిసలు కావడం వైద్య రంగంలో ఎవరూ పైకి మాట్లాడని సమస్య. వైద్యులు, మత్తు వైద్య నిపుణులు, ఆపరేషన్ థియేటర్ సహాయకులు, నర్సులు.. ఎవరూ దీనికి అతీతులు కారు. మందును చివరగా చేతపట్టి రోగికి వేసేది నర్సు కనుక ప్రమాదమూ, నిందా ముందుగా ఆమెనే తాకుతాయి.

హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి వెంట ఉన్న సూర్యాపేట, కోదాడలకు ప్రమాద బాధితులు వస్తుంటారు. సాగర్ ఆయకట్టు పల్లెల ప్రజలు శస్త్రచికిత్సలకు, కాన్పులకు మిర్యాలగూడ వైపు చూస్తారు. ఇటువంటి చోట్ల ఈ మందులు లేకుండా వైద్యం సాగదు. వాటికి పక్కా లెక్క లేకుంటే ఎవరికీ రక్షణ ఉండదు.

ఏమిటీ మందులు?

మార్ఫిన్, పెథిడిన్, ఫెంటనిల్, పెంటజోసిన్, ట్రమడాల్.. ఇవన్నీ మెదడుపై పనిచేసి నొప్పిని అణచివేసే మందులు. వీటిలో ఫెంటనిల్ అత్యంత శక్తిమంతమైనది. బరువు ప్రకారం మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు అధికంగా పనిచేస్తుంది. అందుకే దీని మోతాదును మిల్లీగ్రాముల్లో కాక మైక్రోగ్రాముల్లో లెక్కిస్తారు. మోతాదు కొద్దిగా మించినా శ్వాస మందగించి ప్రాణం పోయే ప్రమాదముంది.

పెథిడిన్‌ను పదే పదే తీసుకుంటే దాని వ్యర్థ పదార్థం ఒంట్లో పేరుకుని మూర్ఛలు వస్తాయి. పెంటజోసిన్‌ను ఒకేచోట పొడుచుకుంటూ పోతే చర్మంపై మానని పుండ్లు పడతాయి, కండరాలు రాయిలా గట్టిపడతాయి. విశాఖపట్నంలో యువత మత్తు కోసం వాడుతున్న పెంటజోసిన్ ఇంజక్షన్లను పోలీసులు పలుమార్లు పట్టుకున్న విషయం పాఠకులకు తెలిసిందే. అదే మందు ఆసుపత్రి బీరువాలోనూ ఉంటుంది. బయటివారికి దాన్ని సంపాదించడం కష్టం. లోపల పనిచేసే వారికి చేయి చాపితే చాలు.

చేయి ఎలా అలవాటు పడుతుంది?

మత్తు కోసమే మొదలుపెట్టేవారు తక్కువ. రోగులను ఎత్తి దించడంతో వచ్చే నడుము నొప్పి, వరుస రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, ఇంటి సమస్యలు, అప్పుల ఒత్తిడి.. ఇటువంటి సమయంలో 'ఈ ఒక్కసారికే' అనుకుంటూ మొదటి సూది పడుతుంది. మందు గుణగణాలు తెలిసిన వారు కనుక 'నా అదుపులోనే ఉంటుంది' అన్న ధీమా వారిలో అధికం. అదే వారి పాలిట ఉచ్చుగా మారుతుంది.

కొద్ది వారాలకే పాత మోతాదు చాలదు. మందు అందకపోతే ఆవలింతలు, ముక్కు, కళ్ల వెంట నీరు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అప్పటికి సుఖం కోసం కాదు, ఈ బాధ తప్పించుకోవడం కోసమే సూది కావాలి. బలహీనతగా మొదలైనది ఈ దశలో జబ్బుగా మారుతుంది. అందుకే వ్యసనాన్ని వైద్యశాస్త్రం చెడ్డ గుణంగా కాక మెదడుకు సంబంధించిన వ్యాధిగా పరిగణిస్తోంది. జబ్బు అయినంత మాత్రాన రోగికి జరిగిన అన్యాయం మాసిపోదన్నది కూడా అంతే నిజం.

లెక్క తప్పేది ఇక్కడే..

మందు దారి తప్పడానికి పెద్ద దొంగతనమేమీ అవసరం లేదు. వైద్యుడు సగం ఆంపూల్ వేయమంటే మిగిలిన సగం ఎవరూ చూడకుండా పారబోసినట్లు రాస్తారు. ఆంపూల్ పగిలిందని నమోదు చేస్తారు. 'నొప్పి ఉంటేనే ఇవ్వాలి' అని వైద్యుడు రాసిన చోట, రోగి అడగకపోయినా ఇచ్చినట్లు చూపుతారు. డిశ్చార్జి అయిన రోగి పేరిట మందు తీస్తారు. అన్నింటికన్నా ఘోరమైనది మందు తీసుకుని సిరంజిలో సెలైన్ నింపి రోగికి వేయడం.

చిన్న నర్సింగ్ హోముల్లో రాత్రివేళ వార్డుకు ఒక్కరే దిక్కయిన చోట ఈ ముప్పు మరింత ఎక్కువ. బీరువా తాళం చెవి గోడ మేకుకు వేలాడితే, రిజిస్టర్ వారానికోసారి ఒకే కలంతో నిండితే తప్పు ఒక్క నర్సుది మాత్రమే కాదు. సాక్షి సంతకం లేని చోట నిజాయితీగా పనిచేసే నర్సుకు కూడా రక్షణ లేదు. లెక్క తేలని రోజున అందరూ అనుమానితులే అవుతారు.

అమెరికా నేర్పిన గుణపాఠం

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం ఎక్సెటర్ ఆసుపత్రిలో 2012లో పలువురు రోగులకు ఒక్కసారిగా హెపటైటిస్-సి సోకినట్లు బయటపడింది. ఆరా తీయగా గుండె పరీక్షల విభాగంలోని టెక్నీషియన్ డేవిడ్ క్వియట్‌కౌస్కీ నిర్వాకం వెలుగుచూసింది. రోగుల కోసం ఉంచిన ఫెంటనిల్ సిరంజిలను దొంగిలించి తాను పొడుచుకుని, ఖాళీ సిరంజిలలో సెలైన్ నింపి తిరిగి అక్కడే పెట్టేవాడు. అతడి ఒంట్లోని హెపటైటిస్-సి వైరస్ ఆ విధంగా వేర్వేరు రాష్ట్రాల్లో 40 మందికి పైగా రోగులకు సోకింది. 2013 డిసెంబరులో న్యాయస్థానం అతడికి 39 ఏళ్ల జైలుశిక్ష విధించింది.

అంతకు ముందే కొన్ని ఆసుపత్రుల్లో అతడిపై అనుమానాలు రావడం గమనార్హం. 2010లో అరిజోనాలోని ఒక ఆసుపత్రి మరుగుదొడ్డిలో ఫెంటనిల్ సిరంజితో పాటు స్పృహ లేకుండా దొరికాడు. ఉద్యోగం పోయింది. అయినా మరో రాష్ట్రంలో మరో ఆసుపత్రిలో చేరగలిగాడు. మొదట్లోనే పోలీసులకూ, తదుపరి యాజమాన్యానికీ నిజం చెప్పి చికిత్సకు పంపి ఉంటే అంతమంది రోగులు బలయ్యేవారు కాదు. 'మన పేరు చెడకుండా వెళ్లిపోతే చాలు' అనుకోవడం పక్క ఊరి ఆసుపత్రికి ప్రమాదాన్ని బదిలీ చేయడమే!

2024లో ఓరెగాన్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్ పట్టణంలోనూ ఫెంటనిల్‌కు బదులు కుళాయి నీరు ఎక్కించారన్న ఆరోపణపై ఒక మాజీ నర్సుపై 44 అభియోగాలు నమోదయ్యాయి. తాను నిర్దోషినని ఆమె కోర్టుకు తెలిపారు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ మందులను 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం నియంత్రిస్తోంది. 2014 సవరణ అనంతరం 2015లో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించారు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వీటిని నిల్వ ఉంచుకుని వాడవచ్చు. బాధ్యుడైన వైద్యుడి పర్యవేక్షణలో ప్రతి మోతాదుకూ లెక్క ఉండాలి. 2011లో కెటమిన్, 2018లో ట్రమడాల్ సైతం ఈ చట్టం పరిధిలోకి వచ్చాయి.

మందుల దుకాణాలకు షెడ్యూల్ హెచ్-1 నిబంధన 2014 మార్చి నుంచి అమలులో ఉంది. ఈ జాబితాలోని మందు అమ్మితే వైద్యుడి పేరు, చిరునామా, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి.

మార్ఫిన్ వంటి వాటిని సొంతానికి వాడితే 27వ సెక్షన్ కింద ఏడాది వరకు కఠిన జైలుశిక్ష, లేదా రూ.20 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పనిచేసే చోట యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ ప్రకారం 7 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఇదే చట్టంలో మరో తలుపు కూడా ఉందన్న విషయం చాలామందికి తెలియదు. 64-ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రంలో చికిత్సకు వెళితే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్సను మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుంది. రోగిని మోసగించి నీళ్ల సూది వేసిన నేరానికి, దొంగతనానికి ఇది రక్ష కాదు. అందువల్ల వ్యవహారం అంతదాకా రాకముందే నోరు విప్పడం శ్రేయస్కరం.

భయపడి మందే ఆపేస్తే..

లెక్కల బెడద ఎందుకని ఆసుపత్రులు ఈ మందులను ఉంచడమే మానేస్తే నష్టపోయేది రోగులే. 1985 చట్టం వచ్చాక కఠిన నిబంధనలకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్‌కు దూరమయ్యాయి. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవారు నొప్పితోనే కన్నుమూయవలసిన దుస్థితి దాపురించింది. 2014 సవరణ చేసింది ఆ తప్పును సరిదిద్దడానికే. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ సేవలు పొందుతున్న వారికి మార్ఫిన్ విలువ తెలుసు. మందు ఉండాలి, దానికి లెక్కా ఉండాలి.

చికిత్స ఉంది.. సిగ్గు వద్దు

మందు ఆపాక వచ్చే బాధలు సాధారణంగా రెండు మూడు రోజుల్లో తీవ్రమై, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. ఈ దశ వైద్యుల పర్యవేక్షణలో గడవాలి. ఆ తర్వాత కోరికను అదుపులో ఉంచే బుప్రెనార్ఫిన్, మత్తు ప్రభావాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు, కౌన్సెలింగ్, కుటుంబ సభ్యుల తోడు నెలల తరబడి కొనసాగాలి. కొంతకాలం మానేసిన వారి ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. మళ్లీ అదే మోతాదు తీసుకుని ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంతో పాటు, మెడికల్ కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలను సంప్రదించవచ్చు. మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక సమస్యలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని ఆ చట్టం చెబుతోంది.

అమెరికాలో పలు రాష్ట్రాలు 1980వ దశకం నుంచి నర్సులకు వేరే మార్గం చూపాయి. తప్పు ఒప్పుకుని చికిత్సకు సిద్ధపడిన నర్సును వెంటనే రోడ్డున పడేయకుండా, కొంతకాలం విధులకు దూరంగా ఉంచుతారు. చికిత్స, తరచూ మూత్ర పరీక్షల అనంతరం మత్తు మందులు తాకని విధుల్లోకి మొదట తీసుకుంటారు. ఇక్కడ కూడా నర్సింగ్ కౌన్సిళ్లు, యాజమాన్యాలు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది. చెబితే ఉద్యోగం, పరువు రెండూ పోతాయన్న భయమున్నంత కాలం ఎవరూ చెప్పరు. చెప్పని ప్రతి రోజూ ఎవరో ఒక రోగి నొప్పితో మూలుగుతూనే ఉంటాడు.

యాజమాన్యాలు ఇలా చేయాలి

* మత్తు మందుల బీరువాకు రెండు తాళాలు వేయాలి. చెవులు వేర్వేరు వ్యక్తుల వద్ద ఉండాలి.
* డ్యూటీ మారిన ప్రతిసారీ వచ్చేవారు, వెళ్లేవారు కలిసి ఆంపూళ్లు లెక్కించి సంతకాలు చేయాలి.
* మిగిలిన మందును సాక్షి ఎదుటే పారబోయాలి. ఖాళీ ఆంపూళ్లను తిరిగి అప్పగించాలి.
* రిజిస్టర్‌ను కేస్ షీట్లతో పోల్చి చూడాలి. ఒకరి డ్యూటీలోనే వాడకం అధికంగా ఉంటే కారణం అడగాలి.
* వరుసగా రాత్రి డ్యూటీలు వేయరాదు.

సహోద్యోగులు ఇవి గమనించాలి

* అడిగి మరీ రాత్రి డ్యూటీలు వేయించుకోవడం, డ్యూటీ లేని రోజూ ఆసుపత్రికి రావడం.
* తరచూ మరుగుదొడ్డిలో ఎక్కువసేపు గడపడం, ఎండాకాలంలోనూ నిండు చేతుల దుస్తులు ధరించడం.
* ఆ వ్యక్తి చూసే రోగులే నొప్పి తగ్గలేదని పదే పదే చెప్పడం.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటీ రుజువు కాదు. నలుగురిలో నిలదీయకుండా బాధ్యులైన వైద్యుడికి తెలపాలి.

రోగి బంధువులకు..

సూది వేసేముందు అది ఏ మందు అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. వేసిన తర్వాత కూడా నొప్పి ఏమాత్రం తగ్గకపోతే వైద్యుడికి చెప్పండి, కేస్ షీట్‌లో రాయించండి. నొప్పి తగ్గకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి కనుక తొందరపడి నర్సుపై నింద వేయవద్దు.

సహాయానికి: మత్తు వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలి మానస్ 14416.