హక్కులకూ ఓ పీజీ!

డిగ్రీ అయిపోయింది. తర్వాతేంటి అని ఇంట్లో అడుగుతారు. ఎమ్మెస్సీ అంటే సరే. ఎంబీఏ అన్నా సరే. బీఎడ్ అంటే అమ్మ సంబరపడుతుంది. గ్రూప్స్ కోచింగ్‌కి హైదరాబాద్ పోతానంటే నాన్న అప్పో సప్పో చేసి పంపిస్తాడు. అదే... 'మానవ హక్కులు, ప్రజాస్వామ్యంలో మాస్టర్స్ చేస్తా' అంటే?

'అదేం సదువు బిడ్డా, కొలువెవడిస్తడు?' అన్నది మొదటి ప్రశ్న. రెండోది కాస్త ఆగి, గొంతు తగ్గించుకుని వస్తుంది. 'పోలీసోళ్లతోటి లొల్లి కాదు గదా?'

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఈ రెండో ప్రశ్న ఊరికే పుట్టలేదు. 2016 అక్టోబరు 11న విడిపోయి వేర్వేరు జిల్లాలయ్యే దాకా ఇవి చాలావరకు పాత వరంగల్ జిల్లావే. ఇక్కడ 'హక్కులు' అన్న మాట పుస్తకాల్లోంచి ఊళ్లోకి రాలేదు. పొలం గట్టు మీద, ఠాణా గుమ్మం ముందు పుట్టింది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ సాగు చేసుకుంటున్న పొలం మీద, చేతికొచ్చిన పంట మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. ఇవ్వనని ఆమె నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది ఆ తర్వాతే, 1948 డిసెంబరు 10న. అంటే ప్రకటన కంటే పోరాటానిదే పెద్ద వయసు!

లెక్కల మాస్టారు, పిల్లల డాక్టరు

తర్వాతి కాలానికి వద్దాం. వరంగల్‌లో డాక్టర్ రామనాథం పిల్లల వైద్యుడు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు కూడా. 1985 సెప్టెంబరు 3న తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ కాలంలో వరంగల్‌లో ఉన్న కుటుంబాలు ఆ రోజును ఇప్పటికీ మరిచిపోలేదు. తల్లిదండ్రులు గొంతు తగ్గించి మాట్లాడేది అందుకే.

కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన కె.బాలగోపాల్ కూడా 1985లోనే ఉద్యోగం వదిలేశారు. వరంగల్ ఆర్‌ఈసీలో గణితంలో పీహెచ్‌డీ చేసిన మనిషి, ఎన్‌కౌంటర్ జరిగిందంటే ఆ ఊరికి వెళ్లి వాస్తవాలు రాసుకొచ్చేవారు. తర్వాత నల్లకోటు వేసుకుని హైకోర్టులో వాదించారు. రాజ్యం చేసే హింసనే కాదు, విప్లవం పేరుతో జరిగే హింసనూ ప్రశ్నించాలన్నారు. ఆ చర్చ ముదిరి 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ఎవరి పక్షం అన్నదాని కంటే ఎవరి హక్కు పోయింది అన్నది ముందు చూడాలన్న ఆ పట్టుదల వల్ల ఆయనకు రెండు వైపులా విమర్శకులు తయారయ్యారు. 2009 అక్టోబరు 8న కన్నుమూశారు.

మరి ఆ తిరుగుడంతా ఏం సాధించింది? ఒక్కటి చూడండి. ఎన్‌కౌంటర్ మరణాల మీద ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. దాన్ని విచారించిన కమిషన్, అలాంటి మరణాల్లో పోలీసులు ఏం చేయాలో చెబుతూ 1997 మార్చిలో దేశంలోని ముఖ్యమంత్రులందరికీ లేఖ రాసింది. అప్పటి అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య. 2014లో సుప్రీంకోర్టు ఇదే విషయంపై పదహారు మార్గదర్శకాలిచ్చింది. మన పల్లెల్లో నోటు పుస్తకాల్లో రాసుకున్న వాంగ్మూలాలు ఢిల్లీ దాకా వెళ్లి దేశమంతటికీ నియమాలయ్యాయి. ఇప్పుడీ పనికి పద్ధతి ఏమిటో తరగతి గదిలో నేర్పుతున్నారు.

వెనిస్ నుంచి బ్యాంకాక్ దాకా

ఇటలీలోని వెనిస్ తీరంలో లిడో అనే దీవి ఉంది. అక్కడ ఒక పాత క్రైస్తవ మఠంలో 1997లో యూరప్ విశ్వవిద్యాలయాలు కలిసి మానవ హక్కులు, ప్రజాస్వామ్యీకరణలో మాస్టర్స్ ప్రారంభించాయి. యూరోపియన్ యూనియన్ డబ్బు సాయం చేసింది. పాఠాలే కాదు, యుద్ధం చూసిన కొసావోకు క్షేత్ర పర్యటన కూడా ఉంటుంది. ఏ ప్రాంతం గాయాలు ఆ ప్రాంతానివే కదా, మరి చదువు ఒకచోటే ఎందుకన్న ఆలోచనతో ఇలాంటివి ఇతర ప్రాంతాలకూ విస్తరించాయి. సరయేవో, ప్రిటోరియా, బీరూట్, యెరెవాన్, బ్యునస్ ఎయిర్స్... ఇలా.

వీటిలో సరయేవోది ప్రత్యేకం. 1995 దాకా ఒకరినొకరు చంపుకున్న జాతుల పిల్లలు 2000 నుంచి ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ప్రిటోరియా విశ్వవిద్యాలయ కేంద్రానికి 2006లో యునెస్కో మానవ హక్కుల విద్యా పురస్కారం దక్కింది.

మనకు దగ్గర్లోది ఆసియా పసిఫిక్ కోర్సు. మొదట్లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం నడిపింది. తర్వాత బ్యాంకాక్ పక్కనున్న మహిడోల్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఏడాది చదువు. మొదటి సగం అక్కడ. రెండో సగం భాగస్వామ్య విశ్వవిద్యాలయంలో, పరిశోధనా వ్యాసంతో. నేపాల్‌లోని కఠ్మాండు స్కూల్ ఆఫ్ లా, ఇండోనేషియాలోని గడ్జా మడా, ఫిలిప్పీన్స్‌లోని అతెనియో డి మనీలా ఈ బృందంలోవే. న్యాయశాస్త్రం, రాజకీయం, చరిత్ర కలగలిపి చెబుతారు. లా చదివినవాళ్లే రావాలన్న నియమం లేదు.

అంత దూరం అక్కర్లేదనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దూరవిద్యలో మానవ హక్కుల పీజీ డిప్లొమా నడిపింది. ఇగ్నోలో సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఢిల్లీ జామియా మిలియాలో ఎం.ఏ. ఉంది. ఏ కోర్సుకు ఈ ఏడాది ప్రవేశాలున్నాయో మాత్రం ముందే కనుక్కోవాలి. ఇవి ఒక ఏడాది ఉండి మరో ఏడాది ఆగే రకం!

పరిశోధనకు వస్తువు ఇంటి ముందే

ఇంతకీ ఈ చదువు మనకేం పని? మహబూబాబాద్ ఏజెన్సీలో ఒక కోయ కుటుంబం పోడు పట్టా కోసం తిరుగుతోందనుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ భూమి సాగులో ఉండాలి. గిరిజనేతరులైతే అంతకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఆ అడవిని నమ్ముకుని బతికినట్టు చూపాలి. దరఖాస్తు మొదట గ్రామసభకు, అక్కణ్నుంచి డివిజన్, జిల్లా కమిటీలకు వెళుతుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. 2023లో రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. మరి రానివాళ్ల సంగతి? కారణం రాసిన కాగితం వాళ్లకు చేరిందా? గ్రామసభ నిజంగా జరిగిందా, సంతకాలు మాత్రమే జరిగాయా? సరిగ్గా అడిగితే ఇదే ఒక మాస్టర్స్ పరిశోధన.

భూపాలపల్లికి వెళితే బొగ్గు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సమ్మతి ఉంది. కానీ బొగ్గు భూముల కోసం 1957 నాటి ప్రత్యేక చట్టం వేరే ఉంది. దాని కింద భూమి తీసుకుంటే పరిహారం, పునరావాసం కొత్త చట్టం లెక్కనే ఇవ్వాలి గానీ ఆ ప్రభావ అంచనా తప్పనిసరి కాదు. ఇల్లు పోయే రైతుకు ఈ తేడా ఎవరు చెప్పాలి? నోటీసు వచ్చిన రోజు ఊళ్లో అది చదివి విడమరిచే మనిషి ఒక్కరుంటే చాలు... పరిస్థితి వేరుగా ఉంటుంది.

కొలువు సంగతి

దాచడం ఎందుకు, ఈ డిగ్రీకి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు లేవు. స్వచ్ఛంద సంస్థలు, పరిశోధనా సంస్థలు, పత్రికలు, ఐక్యరాజ్యసమితి విభాగాలు... దారులున్నాయి కానీ అన్నీ ఇరుకే. చాలా ఉద్యోగాలు ఏడాది, రెండేళ్ల ప్రాజెక్టు మీద నడుస్తాయి. అందుకే దీన్ని ఒంటరిగా కాకుండా ఎల్ఎల్‌బీతో జోడిస్తే నిలదొక్కుకోవచ్చని నా అభిప్రాయం. డిగ్రీ ఉన్నవాళ్లు లాసెట్ రాసి హనుమకొండలో కాకతీయ వర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల కోర్సు చేయొచ్చు. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి రైలుందాయె. జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవిలో, చలికాలంలో విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. నెల రోజులు ఢిల్లీలో గడిపితే ఈ పని తమకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

విదేశీ కోర్సుకు ఖర్చు సంగతి ఇంకో లెక్క. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. అయితే అది జాబితాలో పేర్కొన్న దేశాలకే వర్తిస్తుంది. థాయిలాండ్ అందులో ఉందో లేదో చూసుకోకుండా ప్రవేశ రుసుము కట్టొద్దు. కోర్సు తరఫున స్కాలర్‌షిప్పులు కొన్ని ఉంటాయి, వాటి సంఖ్య ఏటా మారుతుంది. ఇంగ్లిషు పరీక్ష స్కోరు తప్పదు. దరఖాస్తుతో పాటు 'ఈ చదువు ఎందుకు?' అని ఒకటి రెండు పేజీలు రాయమంటారు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా లేఖలు దించేస్తే ఇట్టే దొరికిపోతారు. తండాలో చూసిన గ్రామసభ గురించి, నాన్న చేతికొచ్చిన నోటీసు గురించి, ముందు తెలుగులోనే రాసుకుని తర్వాత ఇంగ్లిషులో పెట్టుకుంటే మేలు.