సిగ్గుకు శిస్తు కట్టిందెవరు?

ఆడవాళ్ల కోరిక గురించి ఎవరైనా పుస్తకం రాస్తే చాలు, ఇది మన సంస్కృతి కాదు, పడమటి నుంచి దిగిన సరుకు అనేస్తారు మనవాళ్లు. ఇంగ్లిషులో ఇప్పుడు ఒక తరహా శృంగార నవలలు దండిగా వస్తున్నాయి. రాబోయే కాలంలో ఒక దుర్మార్గపు రాజ్యం ఉంటుంది. ఎవరు ఎవరిని తాకాలో కూడా అక్కడ సర్కారే చెబుతుంది. ఒకామె తనకు నూరిపోసిన సిగ్గును కొంచెం కొంచెంగా వదిలించుకుని, ఈ కోరిక నాదే అని ఒప్పుకుంటుంది. స్థూలంగా ఇదీ వాటి కథ. తాండూరు దగ్గరి యాలాల్‌లో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా ఫోనుంటే అవి దొరుకుతాయి. అవి గొప్ప సాహిత్యమా అంటే చాలావరకు కాదు. కానీ 'మన దగ్గర ఇలాంటివి ఎన్నడూ లేవు' అనే మాట మాత్రం చికాకు పుట్టిస్తుంది. అలాంటి కావ్యం మనకుంది, రాసింది ఒక స్త్రీ. దాన్ని పట్టుకుపోయిన రాజ్యమూ మనకుంది, అది ఊహల్లోది కాదు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆ పుస్తకాన్ని నిషేధిస్తే, ఆ నిషేధం తొలగింది 1947లో.

అధికారానికి పడకగదితో పనేమిటన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు నవలాకారులు ఎప్పుడో జవాబిచ్చారు. రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920, 21 ప్రాంతంలో రాసిన 'మేము' నవలలో ఇళ్లన్నీ గాజువే. గులాబీరంగు చీటీ ఉన్నవాళ్లకే, అదీ నిర్ణయించిన గంటకే తెరలు దించుకునే హక్కు. 1949లో వచ్చిన ఆర్వెల్ '1984'లో ఇద్దరు కలుసుకోవడమే రాజద్రోహం. తన కోరికను తానే గుర్తుపట్టిన మనిషికి ఇక పైనుంచి వచ్చే ప్రతి ఆజ్ఞా ప్రశ్నించదగ్గదిగానే కనిపిస్తుంది, ఏలేవాళ్ల భయం అదే. హక్స్‌లీ 1932లోనే దీన్ని తిరగేసి చూపించాడు. ఆయన రాజ్యంలో సిగ్గన్నది లేదు, అందరూ అందరికీ చెందుతారు, ఒక్కరినే ప్రేమించడం అక్కడ తప్పు. కోరిక కూడా ఆజ్ఞగా మారితే అది మరో రకం సంకెళ్లే అన్నమాట. ఈ హక్స్‌లీ సంగతి గుర్తుంచుకోవాలి, దేవతకు ముడిపెట్టిన జోగినీల దగ్గర దీనితో పనిపడుతుంది.

ఇక మన కథ. తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలుతున్న పద్దెనిమిదో శతాబ్దపు నడుమ ఆయన ఆస్థానంలో ముద్దుపళని ఉండేది. సంగీత సాహిత్యాలు రెండూ వచ్చిన గణిక. ఆమె రాసిన 'రాధికాసాంత్వనం' నాలుగు ఆశ్వాసాల తెలుగు శృంగార ప్రబంధం, అయిదువందల ఎనభైకి పైగా పద్యాలు. రాధే దగ్గరుండి కృష్ణుడికి ఇళతో పెళ్లి చేయిస్తుంది. చేయించాక ఆ ఎడబాటును తట్టుకోలేక, అసూయతో, కోపంతో రగిలిపోతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. అలిగిన నాయికను నాయకుడు బుజ్జగించడం మన కావ్యాల్లో కొత్తేమీ కాదు, నంది తిమ్మన సత్యభామ ఏకంగా కాలితోనే తన్నింది. ముద్దుపళని రాధలో కొత్తదనం వేరేచోట ఉంది. కలయికలో చొరవ ఆమెది. ఆయన వద్దన్నా ముద్దుపెట్టేది, వారించినా కౌగిలించేది ఆమె. ఆ సంగతులను మురిసిపోతూ తలుచుకునేది కృష్ణుడు. రాధ పడుచుపిల్ల కూడా కాదు, వరసకు ఆయనకు మేనత్త. వయసు మళ్లుతోందని తెలిసిన స్త్రీకి కోరిక ఉంటుందనీ, అది ఆమెకు చిన్నతనం కాదనీ ఈ కావ్యం ఎక్కడా సంజాయిషీ ఇవ్వకుండానే చెబుతుంది. అవతారికలోనూ అదే ధోరణి. కవులు తండ్రి తాతల పేర్లు చెప్పుకునే చోట ఆమె తంజనాయకి మొదలైన తన ఇంటి ఆడవాళ్లను పొగిడి, తన పాండిత్యాన్ని కూడా మొహమాటం లేకుండా చాటుకుంటుంది.

1887లో వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చువేసినప్పుడు ఆ అవతారికా, కొన్ని పద్యాలూ ఎగిరిపోయాయి. కందుకూరి వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ముద్దుపళనిని నడవడి లేనిదిగా తీసిపారేశారు. ఇందులో చాలా భాగం ఆడవాళ్లు వినడానికే తగదు, ఇక ఆడది రాయడమా అన్నది ఆయన అభ్యంతరం. 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి ఆయన. వితంతువుకు మొగుణ్ణి ఒప్పుకున్న సంస్కర్త రాధకు కోరికను ఒప్పుకోలేకపోయారు! దీనికి జవాబు ఇచ్చింది మరో గణిక, సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మ. అచ్చుప్రతితో తృప్తిపడక వ్రాతప్రతి సంపాదించి, వదిలేసిన పద్యాలను తిరిగి చేర్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించింది. ఆమె పీఠికలో వేసిన ప్రశ్న సూటిది: ఈ మర్యాదలు ఆడవాళ్లకేనా, మగ కవులకు వర్తించవా? పంతులుగారు స్వయంగా మెచ్చి అచ్చుకు ఒప్పుకున్న కావ్యాల్లో ఇంతకన్నా పచ్చి వర్ణనలు లేవా అని కూడా నిలదీసింది. మరుసటి ఏడాదే మద్రాసు పోలీసులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు.

ఇక్కడ గమనించాల్సింది సిగ్గు పనిచేసే తీరు. అది అందరికీ సమానంగా పుట్టుకతో వచ్చే గుణమైతే శ్రీనాథుడికీ ఉండాలి, ముద్దుపళనికీ ఉండాలి. అలా లేదు. మన నిజాం ఇలాకా భాషలో చెప్పాలంటే సిగ్గు ఒక శిస్తు. ఎవరి మీద ఎంత అన్నది పైవాళ్లు జమాబందీలో తేలుస్తారు, వసూలుకు పటేల్ పట్వారీలు ఊళ్లోనే ఉంటారు. కొన్ని భూములు ఇనాములు, వాటికి శిస్తు మాఫీ. మగ కవి శృంగారం రాస్తే అది ఇనాం భూమి, పైసా కట్టక్కర్లేదు. దేవుడి పేరు తగిలిస్తే అది దేవాదాయం, దాని జోలికి ఎవరూ పోరు. గణిక రాస్తే మాత్రం తరి భూమి రేటు, పైన జరిమానా, కట్టకపోతే జప్తు. 1911లో జరిగింది జప్తే. భూమి మీద ఇనాములు 1955 హైదరాబాద్ చట్టంతో రద్దయ్యాయి. సిగ్గు లెక్కల్లో మాత్రం ఇనాందార్లు ఇంకా మాఫీ అనుభవిస్తూనే ఉన్నారు.

ఆ జమాబందీ లెక్క ఎలా కట్టేవారో తెలియాలంటే ఇంగ్లండులో 1868 నాటి హిక్లిన్ కేసు చూడాలి. తమాషా ఏమిటంటే అక్కడ తగాదా శృంగార పుస్తకం మీద కాదు, కేథలిక్ ఫాదరీలు పాప నివేదన పేరుతో ఆడవాళ్లను ఏమేం అడుగుతారో బయటపెట్టే కరపత్రం మీద. పంచినవాడి ఉద్దేశం నీతి బోధే. ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ఉద్దేశంతో పనిలేదన్నాడు. చెడు ప్రభావాలకు లొంగే మనసున్నవాళ్ల చేతిలో పడి వాళ్లను పాడుచేసే గుణం రచనకు ఉంటే అది అశ్లీలమే అని తేల్చాడు. రచయిత మనసుతో పనిలేనప్పుడు సమర్థించుకోవడానికి దారి మూసుకుపోయింది. పుస్తకం మొత్తం చదవకుండా నాలుగు పేజీలకు గుర్తులు పెట్టి చూపించినా సరిపోయింది. కొలబద్దగా నిలబెట్టింది అందరికన్నా బలహీనమైన పాఠకుణ్ణి. ఆ బలహీన పాఠకుడెవరు? కోర్టుకు వచ్చి నేను చెడిపోయానని సాక్ష్యం చెప్పేవాడెవడూ లేడు కనుక న్యాయమూర్తీ, పోలీసూ, పండితుడూ కలిసి ఊహించుకోవాలి. వాళ్ల ఊహలో ఎప్పుడూ మెదిలేది ఇంటి ఆడవాళ్లే. అంటే పుస్తకం కంటితో చూడని ఆమె తరఫున, ఆమెను అడగకుండా, వీళ్లే సిగ్గుపడి పెట్టారు. ఆ కొలబద్ద మన కోర్టుల్లోకీ వచ్చింది. భారత శిక్షాస్మృతి 292 సెక్షను అశ్లీలాన్ని నేరం చేస్తూనే గుడి మీది శిల్పాలకూ దేవుడి రథం మీది బొమ్మలకూ మినహాయింపు ఇచ్చింది. దేవాదాయ ఇనాం అని అంతకుముందు అన్నది మాటవరసకు కాదు.

అయితే ఇదంతా తెల్లవాళ్ల విక్టోరియా నీతి, మనవాళ్లకు పాపం తెలియదు అనే ఒక వాదం ఉంది. వినడానికి బాగుంటుంది, కానీ నిలబడదు. గణిక రాసింది, గణిక దిద్దింది అని ఒక పత్రికలో ఈసడించింది తెలుగువాళ్లే. 1964లో లారెన్స్ నవల అమ్మిన బొంబాయి పుస్తకాల దుకాణదారు కేసులో హిక్లిన్ సూత్రాన్నే పట్టుకున్నది స్వతంత్ర భారత సుప్రీంకోర్టు. దాన్ని పక్కనపెట్టి, రచన మొత్తాన్నీ సమకాలీన సమాజపు ప్రమాణాలనూ చూడాలన్నది 2014లో. తెల్లవాడు తెచ్చింది కాగితం, ముద్ర. వసూలుకు మనుషులు ఇక్కడే దొరికారు.

ఇంకొందరు రాజీమార్గం చూపిస్తారు: రాధ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, కనుక తప్పులేదు. శృంగారం కనబడగానే దానికో మోక్షం సర్టిఫికెట్ అంటించడం మనకు అలవాటైపోయింది. అన్నమయ్య సంకీర్తనల్లో శృంగారానివే ఎక్కువ, కానీ సభల్లో మనం ఏరుకుని వినేది అధ్యాత్మం. క్షేత్రయ్య పదంలో నాయిక విటుడి దగ్గర డబ్బు లెక్క అడిగినా అందులో వేదాంతం వెతికే మహానుభావులున్నారు. ఆ పదం అందం ఆ లెక్క అడగడంలోనే ఉంది. ఆ గడుసుతనం, ఆ ఎత్తిపొడుపు, ఒక్క మాటలో మనిషిని నిలబెట్టి కడిగేయడం మరో భాషలో ఇంత బాగా దొరుకుతుందా అనిపిస్తుంది. వేదాంతం పూస్తే మొదట చచ్చేది అదే. ఇక సంప్రదాయం అంటే సిగ్గే అనేవాళ్లు పెళ్లింట్లో వియ్యపురాలి మీద ఆడవాళ్లు పాడే పాటలను ఏ ఖాతాలో రాస్తారు? మామగార్లు వింటుండగానే వాటిలో అనని మాట ఉండదు. అవి అచ్చెక్కలేదు కనుక వాటి మీదికి పోలీసు రాలేదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. గణికల కోరికను కీర్తించడమంటే దేవదాసీ వ్యవస్థలో నలిగిన ఆడవాళ్ల బాధను కప్పెట్టడమే కదా? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు, తెలంగాణలో అసలే కాదు. యాలాల్, తాండూరు ఉండిన పాత రంగారెడ్డి జిల్లాలో, పక్క మహబూబ్‌నగర్‌లో, అటు నిజామాబాద్‌లో జోగినీ దురాచారం చాలాకాలం నడిచింది. ఇంట్లో జబ్బు చేసిందనో, ఎల్లమ్మకు కోపమొచ్చిందనో దళిత కుటుంబాల ఆడపిల్లను దేవతకు ముడిపెట్టేవారు. జబ్బుకు మందు ఆసుపత్రిలో ఉంటుంది గానీ పసిపిల్ల మెడలో కట్టిన తాడులో ఉండదు. ఆ తాడు వల్ల లాభపడింది దేవత కాదని ఊళ్లో అందరికీ తెలుసు. ఇది హక్స్‌లీ రాజ్యం: సిగ్గుపడే హక్కు కూడా ఆమెకు లేదు, కాదనే హక్కు అంతకన్నా లేదు. మళ్లీ చిన్నచూపు మాత్రం ఆమెకే, ఆమె దగ్గరికి వచ్చిన పెద్దమనిషికి కాదు. శిస్తు పద్దు ఇక్కడా మారలేదు. ముద్దుపళని రాధనూ జోగినీనీ ఒకే గాటన కట్టడం కుదరదు. ఒకరు నాకిది కావాలని తన నోటితో అంటుంది, మరొకరి నోట ఆ మాట రానేలేదు. కావాలనడానికీ కాదనడానికీ కావలసిన నోరు ఒకటే, ఆడదాన్ని ఆ నోరు తెరవనిస్తే పద్దు తారుమారవుతుంది. 1927లో చలం 'మైదానం' వచ్చినా, 1993లో స్త్రీవాద కవుల 'నీలిమేఘాలు' వచ్చినా గగ్గోలు పెట్టినవాళ్ల అసలు బెంగ అదే.

టంగుటూరి ప్రకాశం 1947లో మద్రాసు ప్రధానిగా ఉండగా నిషేధం ఎత్తేశారు. వావిళ్ల వారు 1952లో పుస్తకాన్ని మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూసింది. అదే 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. తాండూరు అప్పటికి నిజాం రాజ్యంలోని గుల్బర్గా జిల్లాలో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది 1956లో. కాబట్టి 1911 నిషేధమూ ఇక్కడ చెల్లలేదు, 1947 రక్షణా చెల్లలేదు. మద్రాసులో జప్తయిన పుస్తకం ఇక్కడికి చేరిందో లేదో తెలియదు. రక్షణ చట్టం కోసం జోగినీలు 1988 దాకా ఆగాల్సి వచ్చింది. సమర్పణ చెల్లదని, దాని వల్ల ఏ స్త్రీ కూడా తాను ఎంచుకున్న మనిషిని పెళ్లాడటానికి అనర్హురాలు కాదని ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం రాసిపెట్టింది.